ట్రిపుల్ ఐటీ సీటు పల్లె పిల్లల్ని ఎంత దూరం తీసుకెళ్లింది? లెక్క తేల్చండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల్లో ట్రిపుల్ ఐటీలను నడిపే రాజీవ్ గాంధీ నాలెడ్జ్ టెక్నాలజీస్ విశ్వవిద్యాలయాల (ఆర్జీయూకేటీ) పాలకమండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

ఇడుపులపాయ, నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీలు 2008లో మొదలయ్యాయి. పల్లె బడుల్లో బాగా చదివే పిల్లల్ని పదో తరగతి అవగానే తీసుకుని, ఆరేళ్లు క్యాంపస్‌లోనే ఉంచి, రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ చదివించాలన్నది ఆలోచన. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు కూడా చేరాయి. తొలి బ్యాచ్ ఆరేళ్ల చదువు 2014లో ముగిసింది. ఉన్నత చదువుల తలుపులు పేద పిల్లలకు తెరవడానికి మన రెండు రాష్ట్రాలు చేసిన ప్రయత్నాల్లో ఇంత నికరంగా, ఇంత కాలం నడిచినవి తక్కువ. కాబట్టే ఒక ప్రశ్నకు జవాబు కావాలని అడుగుతున్నాం. ఈ సీటు రాకపోయి ఉంటే ఆ పిల్లలు ఎక్కడ ఉండేవాళ్లు? దీనికి జవాబు చెప్పగల కాగితాలన్నీ ప్రభుత్వ శాఖల దగ్గరే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి చదవాలి.

ఏటా అడ్మిషన్ల వేళ, స్నాతకోత్సవం వేళ బయటికొచ్చే అంకెలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. ఇన్ని వేల దరఖాస్తులు, ఇన్ని సీట్లు, ఇంతమంది ఆడపిల్లలు, ఇంతమందికి క్యాంపస్ ఉద్యోగాలు. ఇవీ కావలసినవే. కానీ పని జరిగిందని చెబుతాయి తప్ప, దానివల్ల ఏం మారిందో చెప్పవు. బడికే మొదటి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ట్రిపుల్ ఐటీలో చేరకపోతే చదువు మానేసేదని ఎందుకనుకోవాలి? దగ్గర్లోని జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదివి, ఈఏపీసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్‌లో చేరి ఉండేదేమో. ట్రిపుల్ ఐటీ చేసిన మేలంటే ఆ దారికీ ఈ దారికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. ఆ తేడా చాలా పెద్దదే కావచ్చు. కొందరు పిల్లలకు అది పెళ్లికీ చదువుకూ మధ్య తేడా కావచ్చు. మరికొందరికి ఏమీ లేకపోవచ్చు. ఎవరికి ఎంతన్నది తెలిస్తే తప్ప సీట్లు పెంచాలా, ఎంపిక మార్చాలా, మెస్‌కు పెట్టే డబ్బులో కొంత, పాఠం అందుకోలేని పిల్లలకు నడిపే బ్రిడ్జి కోర్సుకు మళ్లించాలా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు.

స్థూల నమోదు నిష్పత్తి చూపించి ఈ ప్రశ్నను దాటవేయడం మామూలైపోయింది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో అది 28.4 శాతం, తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. మంచి అంకెలే. అయితే ఆ లెక్కలో పైన ఉండేది రాష్ట్రంలోని కాలేజీల్లో నమోదైన విద్యార్థుల సంఖ్య, కింద ఉండేది ఆ రాష్ట్రంలో 18 నుంచి 23 ఏళ్ల వయసువాళ్ల అంచనా జనాభా. శ్రీకాకుళం నుంచి వెళ్లి హైదరాబాద్‌లో చదివే కుర్రాడు తెలంగాణ ఖాతాలో పడతాడు. కింది అంకె 2011 జనగణన నుంచి పొడిగించిన అంచనా. చేరినవాళ్లలో ఎందరు చదువు పూర్తి చేశారో, ఎవరి ఇంట్లో మొదటి పట్టా ఇదో అందులో ఉండదు. ఒక పథకం పనిచేసిందా లేదా చెప్పడానికి ఆ నిష్పత్తి పనికిరాదు.

ప్లేస్‌మెంట్ శాతం ఇంకా జాగ్రత్తగా చూడాల్సినది. ఒక బ్యాచ్‌లో 1,000 మంది చేరారనుకుందాం. పీయూసీ దాటి బీటెక్‌కు వచ్చినవాళ్లు 880, గడువులో పాసైనవాళ్లు 800, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 500, ఆఫర్ వచ్చినవాళ్లు 350 అనుకుందాం. పేపర్లో వచ్చేది 70 శాతం. చేరినవాళ్లను ఆధారం చేసుకుంటే 35. రెండూ అబద్ధం కావు. ప్రశ్నలే వేరు. పైగా నమోదు చేసుకోనివాళ్లంతా ఉద్యోగం లేనివాళ్లు కాదు. గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లినవాళ్లు, గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు అందులో ఉంటారు. ఒకే విద్యార్థికి రెండు ఆఫర్లు వస్తే రెండుగా లెక్కపెట్టారా, ఒకటిగానా అన్నది కూడా నివేదికలో రాయాలి. మా మొదటి అభ్యర్థన తేలికైనది. ఏ శాతం ప్రకటించినా పదో తరగతి తర్వాత చేరిన మొత్తం విద్యార్థుల సంఖ్యే కింద ఉండాలి, ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది తగ్గారో పక్కనే చూపాలి.

ఇక అసలు విషయానికి వస్తాం.

ట్రిపుల్ ఐటీ ఎంపికలో డిప్రివేషన్ స్కోరు అని ఒకటి ఉంది. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివిన పిల్లల జీపీఏకి 0.4 కలిపేవారు. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగొచ్చాక అది 4 శాతంగా మారింది. ఇంత సూటిగా, ఇంత పారదర్శకంగా, అంకెల్లో రాసిపెట్టిన అవకాశ విస్తరణ సూత్రం దేశంలో ఎక్కువ చోట్ల కనబడదు. అది నిజంగా ఏం చేస్తోందో చూడాలంటే జీపీఏ ఎలా పుడుతుందో గమనించాలి.

పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు. గ్రేడ్లున్న ఏళ్లలో ఒక్కోదానికి 10, 9, 8 ఇలా పూర్ణాంకాల్లో గ్రేడు పాయింట్లు ఇచ్చేవారు. ఆరింటి సగటే జీపీఏ. కాబట్టి ఒక్క సబ్జెక్టులో ఒక్క గ్రేడు తగ్గితే సగటు ఆరో వంతు, అంటే సుమారు 0.17 పడుతుంది. మెమోలో ఒక్క దశాంశం వరకే ముద్రించేవారు. అందుకే పై వరసలో 10, 9.8, 9.7, 9.5, 9.3, 9.2, 9.0 తప్ప వేరే అంకెలు కనిపించేవి కావు. ఇప్పుడు 0.4 కలిపి చూడండి. జిల్లా పరిషత్ బడిలో 9.7 వచ్చిన అమ్మాయి 10.1 అవుతుంది, 10 తెచ్చుకున్న ప్రైవేటు బడి పిల్లలందరినీ దాటుతుంది. 9.3 వచ్చిన అబ్బాయి సరిగ్గా 9.7 దగ్గర ప్రైవేటు పిల్లలతో సమానమవుతాడు. గుండ్రం చేయకుండా అసలు భిన్నాలతో లెక్కిస్తే 9.33కి 0.4 కలిపి 9.73, అవతలివాళ్లది 9.67. సమానం కాస్తా పైచేయి అవుతుంది. 0.4 బదులు 0.3 పెట్టి ఉంటే 9.7 వచ్చిన అమ్మాయి 10 దగ్గర సమానంగా నిలబడేది, అంతే. అంటే స్కోరు ఎంత పెట్టాలన్న నిర్ణయం ఎంత బరువైనదో, ఒక్క దశాంశం దగ్గర గుండ్రం చేయడమూ అంతే బరువైనది. రెండింటి ఫలితాన్నీ పరీక్షించి చూడాలి.

ఆ పరీక్షకు కొత్త సర్వే అక్కర్లేదు. 2012 నుంచి 2019 వరకు, అంటే ఉమ్మడి రాష్ట్రంలో గ్రేడింగ్ వచ్చినప్పటి నుంచి కోవిడ్ ముందు ఏడు దాకా, వచ్చిన దరఖాస్తుల ఫైళ్లు తీయండి. ఏటి ఎంపిక జాబితాను ఆ ఏటి నోటిఫికేషన్ నిబంధనల ప్రకారం కంప్యూటర్లో మళ్లీ తయారుచేయండి. ముందు అది అసలు జాబితాతో పేరుపేరునా సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో రిజర్వేషన్ రోస్టరో, ప్రత్యేక కోటానో, రెండో విడత కౌన్సెలింగో తప్పిపోయిందన్నమాట. అది దొరికేదాకా ముందుకు వెళ్లకూడదు. సరిపోయాక డిప్రివేషన్ స్కోరును సున్నా చేసి అదే ప్రోగ్రాం మళ్లీ నడపండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే మూడు గుంపులు తేలతాయి. స్కోరు ఉన్నా లేకున్నా సీటు వచ్చేవాళ్లు, స్కోరు వల్లే లోపలికి వచ్చినవాళ్లు, దానివల్ల బయట ఆగిపోయినవాళ్లు. డిప్రివేషన్ స్కోరు మంచిదా కాదా అని ఇన్నేళ్లుగా సాగే వాదనంతా నిజానికి రెండో, మూడో గుంపుల గురించే. వాళ్లు ఎవరో, ఏ మండలాలవాళ్లో, అందులో ఆడపిల్లలెందరో, ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలెందరో ఇప్పటిదాకా వాదించేవాళ్లెవరి చేతిలోనూ లేదు. ఫైళ్లు శుభ్రంగా ఉంటే ఈ పని ఇద్దరు మనుషులు కొన్ని వారాల్లో చేయగలరు.

మా అభిప్రాయం దాచుకోం. ఆ స్కోరు ఉండాలన్నదే మా మాట. కానీ అది బడి రకాన్ని చూస్తుంది, ఇంటిని చూడదు. సంక్షేమ గురుకులంలో చదివిన కూలీ బిడ్డకు రాదు, బడి రెసిడెన్షియల్ కాబట్టి. ఊళ్లో చిన్న ప్రైవేటు బడికి అప్పుచేసి ఫీజు కట్టిన కౌలురైతు బిడ్డకూ రాదు. జిల్లా పరిషత్ బడిలో చదివిన ఉద్యోగి బిడ్డకు వస్తుంది. ఏడెనిమిది తరగతులు ప్రైవేటులో చదివి చివర్లో ప్రభుత్వ బడికి మారినవాళ్లు ఎందరన్నది, బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ వ్యవస్థలో విద్యార్థివారీ రికార్డులు దొరికిన ఏళ్లకు తెలుస్తుంది. ఈ కోణాలన్నీ తేలాక స్కోరును బలపరిచే మార్గం దొరుకుతుందనే మా నమ్మకం.

తర్వాతి ప్రశ్న సీటు ప్రభావం. ఇక్కడ కటాఫే మనకు దారి చూపిస్తుంది. కటాఫ్‌కు రవ్వంత పైన ఉండి సీటు వచ్చిన పిల్లకూ, రవ్వంత కింద ఉండి రాని పిల్లకూ తెలివిలో, ఇంటి స్థితిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఏడెనిమిదేళ్ల తర్వాత వాళ్ల మధ్య తేడా కనిపిస్తే దాన్ని సీటుకు ఆపాదించడం న్యాయం. ఇంకో మేలూ ఉంది. స్కోర్లు సమానమైనప్పుడు నోటిఫికేషన్ ప్రకారం వరసగా గణితం, సైన్సు, ఇంగ్లిష్, సాంఘిక శాస్త్రం, ప్రథమ భాష గ్రేడ్లు చూసేవారు, తర్వాత పుట్టినతేదీ, అప్పటికీ తేలకపోతే హాల్‌టికెట్ నంబరు నుంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్య. పుట్టినతేదీ దగ్గర, ఆ చివరి సంఖ్య దగ్గర తేలిన సీట్లు దాదాపు లాటరీలో వచ్చినట్టే. పరిశోధకులు కోట్లు పెట్టి ఏర్పాటు చేసుకునే పోలిక ఏటా అడ్మిషన్లలో దానంతట అదే జరిగిపోతోంది.

అయితే దీన్ని యాంత్రికంగా చేస్తే బోల్తా పడతాం. ఎక్కడెక్కడ పడతామో వివరంగా రాస్తున్నాం.

మొదటిది, జీపీఏ ముద్దగా ఉండే కొలత. 9.7 దగ్గర వేలమంది ఒకేచోట పోగవుతారు, దాని పక్కన ఖాళీ. ఇంత ముతక కొలతతో కటాఫ్‌కు 'దగ్గరగా' అనే మాటకు అర్థమే ఉండదు. కాబట్టి ప్రభుత్వ పరీక్షల విభాగం దగ్గరుండే అసలు మార్కులు కావాలి. మెమోలో గ్రేడే ముద్రించినా దాని వెనక మార్కులు ఉంటాయి. ఒక సబ్జెక్టులో ఒక్క మార్కు తక్కువై పై గ్రేడు తప్పిన పిల్ల, మిగతా ఐదింట్లో వందకు వంద తెచ్చుకున్నా 9.8 దగ్గరే ఆగుతుంది. ఆరింటిలోనూ గ్రేడు అంచుమీద గట్టెక్కిన పిల్లకు 10 వస్తుంది. ఈ ఒక్క మార్కు తేడానే మరో స్వచ్ఛమైన పోలిక. కాకపోతే స్కూలు చేతిలో ఉండే ఇంటర్నల్ మార్కులు కలిసిన ఏళ్లలో వాటిని పక్కనపెట్టి, రాతపరీక్ష మార్కులే వాడాలి. అంచు దగ్గర పిల్లల్ని గట్టెక్కించేందుకు ఇంటర్నల్స్ సర్దే వీలుంటుంది కాబట్టి, గ్రేడు గీతకు సరిగ్గా పైన మామూలుకంటే ఎక్కువమంది పోగయ్యారేమో ముందే గ్రాఫు గీసి చూడాలి. పోగైతే ఆ సబ్జెక్టును, ఆ ఏడాదిని వదిలేయాలి.

రెండోది, కటాఫ్ ఒక్కటి కాదు. కేటగిరీ, లోకల్ ఏరియా, ఆడ, మగ, ప్రత్యేక కోటా వారీగా ఒక్కో జాబితాకు ఒక్కో కటాఫ్. ప్రతి విద్యార్థికీ తన జాబితా కటాఫ్ నుంచి ఎంత దూరమో కట్టి, ఆ దూరాలన్నిటినీ కలిపి చూడాలి. రాష్ట్రం మొత్తానికి ఒకే గీత గీస్తే ఎస్టీ అమ్మాయిని ఓపెన్ కేటగిరీ అబ్బాయితో పోల్చినట్టవుతుంది.

మూడోది, సీటు రావడం వేరు, చేరడం వేరు. సీటు వచ్చినా కార్పొరేట్ జూనియర్ కాలేజీ రాయితీ ఇస్తానంటే అటు వెళ్లేవాళ్లుంటారు. దూరమని, హాస్టల్ భయమని పంపని తల్లిదండ్రులుంటారు. వాళ్లను లెక్కలోంచి తీసేసి చేరినవాళ్లనే చూస్తే, ఇల్లు వదిలి ఉండగల ధైర్యం, ఆ మాత్రం ఖర్చు భరించగల స్థితి ఉన్నవాళ్లే మిగులుతారు. అప్పుడు ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ముందు సీటు వచ్చినవాళ్లందరినీ రానివాళ్లతో పోల్చాలి. చేరడం వల్ల కలిగిన ప్రభావం ఆ తర్వాత విడిగా లెక్కించాలి. రెండూ ప్రకటించాలి.

నాలుగోది చాలామంది గమనించనిది. ట్రిపుల్ ఐటీ పిల్లలు ఇంటర్మీడియట్ బోర్డు పరీక్ష రాయరు. పీయూసీ పరీక్షలు యూనివర్సిటీవే. సీజీపీఏ కూడా సొంత పద్ధతిదే. కాబట్టి ఇంటర్ మార్కుల్ని పీయూసీ మార్కులతోనో, జేఎన్టీయూ శాతాన్ని ఆర్జీయూకేటీ సీజీపీఏతోనో పోల్చడం చెల్లదు. రెండు గుంపులకూ ఉమ్మడిగా వర్తించే ఫలితాలే తీసుకోవాలి. పదో తరగతి తర్వాత ఏడేళ్లలో ఏదైనా డిగ్రీ పూర్తయిందా? ఎనిమిదేళ్లలో చదువులోగానీ ఉద్యోగంలోగానీ ఉన్నారా? గేట్‌లో అర్హత సాధించారా? ఇంటికి చదువు అప్పు ఎంత మిగిలింది? ఏడేళ్లు అనడానికి కారణం ఉంది. ఆరేళ్లే పెడితే ఒక్క సప్లిమెంటరీతో ఆలస్యమైనవాళ్లంతా చదువు ఆపేసినవాళ్ల కింద పడిపోతారు.

ఐదోది, ఈ పద్ధతి కటాఫ్ దగ్గరి పిల్లల గురించే చెబుతుంది. జాబితా పైభాగంలో ఉన్నవాళ్లకు సీటు ఎంత మేలు చేసిందో దీంతో తేలదు. సీట్లు ఇంకో వెయ్యి పెంచితే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. మీరు తీసుకోవాల్సిన నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఆ కోవలోవే.

సంఖ్యల సంగతి. రెండు గుంపుల్లో ఒకదానిలో సగం మంది డిగ్రీ పూర్తి చేస్తున్నారనుకుంటే, రెండోదానిలో 5 శాతం పాయింట్లు ఎక్కువన్న తేడా నిజంగా ఉంటే దాన్ని నూటికి ఎనభై సార్లు పట్టుకోవాలంటే మామూలు లాటరీ పోలికలోనే ఒక్కో గుంపులో సుమారు 1,570 మంది కావాలి. 10 పాయింట్ల తేడాకైతే 390 చాలు. కటాఫ్ పద్ధతిలో దానికి మూడు నాలుగు రెట్లు కావాలి, ఎందుకంటే గీతకు దగ్గరి పిల్లలే ఉపయోగపడతారు. ఒక్క బ్యాచ్‌తో, ఒక్క క్యాంపస్‌తో చేసి 'ప్రభావం కనిపించలేదు' అని రాస్తే అది ప్రభావం లేదని కాదు, చూడటానికి మనుషులు చాలలేదని అర్థం. అందుకే ఎనిమిది బ్యాచ్‌లు కలపమని అడుగుతున్నాం. ఎస్టీ అమ్మాయిల్లాంటి చిన్న గుంపులకు అప్పటికీ చాలకపోవచ్చు. అక్కడ ఒక్క అంకె కాకుండా, ఎంత నుంచి ఎంతదాకా ఉండవచ్చో పరిధి చెప్పాలి.

ఇక రికార్డులు కలపడం. పేరుతో కలపొద్దు. ఒకే అమ్మాయి పేరులో లక్ష్మి ఒక రికార్డులో ఎక్స్‌తో, ఇంకోదాంట్లో కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరమే. పెళ్లయ్యాక కొందరి ఇంటిపేరు మారుతుంది, అంటే పేరుతో కలిపితే జారిపోయేది ఎక్కువగా ఆడపిల్లలే. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టినతేదీ, ఈ మూడూ కలిపి తాళంగా వాడాలి. ఇంటర్ బోర్డు, పాలిటెక్నిక్ బోర్డు, ఈఏపీసెట్, తెలంగాణలో దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ పోర్టళ్లు, వీటన్నిటి దరఖాస్తుల్లో పదో తరగతి వివరాలు ఏదో రూపంలో అడుగుతూనే ఉన్నారు. చదువు పూర్తయిందా అన్నదానికి విశ్వవిద్యాలయం పాస్ జాబితా చూడాలి. సర్టిఫికెట్ తీసుకున్నారా అని చూడకూడదు. ఫీజు బకాయిల వల్ల సర్టిఫికెట్ కాలేజీలోనే ఆగిపోయిన పిల్లలు చదువు పూర్తి చేయనివాళ్లుగా నమోదవుతారు. కలిసిన రికార్డుల శాతాన్ని సీటు వచ్చినవాళ్లకు, రానివాళ్లకు విడివిడిగా ప్రకటించాలి. ఒకవైపు 95, మరోవైపు 80 కలిస్తే ఆ పదిహేను శాతం ఎక్కడికి పోయారో తేలేదాకా ఏ ఫలితాన్నీ నమ్మలేం. పొరుగు రాష్ట్రంలో చేరినవాళ్లు ఆ ఖాళీలో ఎక్కువమంది ఉండొచ్చు. విభజన తర్వాత ఇది ఇంకా ముఖ్యం. రెండు మండళ్లూ పరస్పరం ఫైళ్లు ఇచ్చుకోకపోతే బాసర కటాఫ్ తప్పి విజయవాడలో చదివిన పిల్ల తెలంగాణ రికార్డులో చదువు మానేసినట్టే కనిపిస్తుంది.

ఉద్యోగం, ఆదాయం, అప్పు మాత్రం రికార్డుల్లో పూర్తిగా దొరకవు, ఫోన్ చేసి అడగాల్సిందే. ఏడేళ్లలో సిమ్‌లు మారిపోతాయి. ఇప్పటి నుంచే దరఖాస్తులో మూడు నంబర్లు తీసుకోండి: తమది, తల్లిదండ్రులది, ఊళ్లోనే ఉండే దగ్గరి బంధువుది. సీటు రానివాళ్ల నంబర్లూ చెరిపేయకుండా ఉంచండి. పోలికకు వాళ్లే కావాలి, కానీ అడ్మిషన్లు ముగియగానే ముందు మరిచిపోయేది వాళ్లనే. ఫోన్‌కు దొరకనివాళ్లలో ఐదుగురికి ఒకరిని లాటరీలో ఎంచి ఇంటికి వెళ్లి కలవాలి, ఆ ఒక్కరి జవాబుకు ఐదుగురి బరువు ఇవ్వాలి. దొరికిన నంబర్లకే పదేపదే ఫోన్ చేస్తే నమూనా పెద్దదవుతుంది కానీ, బాగా స్థిరపడినవాళ్లతోనే నిండిపోతుంది.

దరఖాస్తులో ఇంకో రెండు గళ్లు కావాలి. తల్లి చదువు, తండ్రి చదువు. 'ఇంట్లో మొదటితరం' అని ప్రసంగాల్లో ఎన్నిసార్లు అన్నా, ఆ రెండు గళ్లు లేకపోతే లెక్కపెట్టలేం. ఆదాయ ధ్రువపత్రం దీనికి బదులు కాదు. పథకం పరిమితి ఎక్కడుంటే ధ్రువపత్రాల అంకెలు దాని కిందే వచ్చి ఆగే ధోరణి అందరికీ తెలిసిందే. ఆ అంకెతో పేదరికం కొలిస్తే అందరూ ఒకే పేదలుగా కనిపిస్తారు. తల్లి ఎంతవరకు చదివింది, ఇంటికి సొంత పొలముందా, బడి మాధ్యమం ఏది, ఇంట్లో ఇంతకుముందు డిగ్రీ ఎవరికైనా ఉందా, ఈ నాలుగు ప్రశ్నలు చాలు. జవాబులకు సీటుతో సంబంధం లేదని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి, లేకపోతే అవీ వంకరపోతాయి.

మధ్యలో వెళ్లిపోయినవాళ్ల గురించి అడుగుతున్నది మానవత్వం కొద్దీ కూడా. ఎందుకు వెళ్లిపోయారన్నది రికార్డులో ఉండాలి. టీసీ ఇచ్చే రోజునే కారణం నమోదు కావాలి: సబ్జెక్టులు మిగిలిపోవడం, తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠం అందుకోలేకపోవడం, ఆరోగ్యం, ఇంటి ఆర్థిక స్థితి, పెళ్లి, వేరేచోట సీటు, క్యాంపస్‌లో ఇబ్బంది. ఒకటికంటే ఎక్కువ గుర్తించే వీలుండాలి. ఆ మాట అడిగేది వార్డెనో, విభాగాధిపతో కాకూడదు. ఎవరివల్ల ఇబ్బంది కలిగిందో వాళ్ల ముందే పిల్లలు దాన్ని చెప్పరు. పీయూసీ మొదటి సెమిస్టర్‌లో తెలుగు మాధ్యమం పిల్లల హాజరు, ఫలితాలు విడిగా చూస్తే ఎవరికి తోడు కావాలో మూడు నెలల్లోనే తెలుస్తుంది. బ్రిడ్జి తరగతులకు చోటు చాలనప్పుడు ఎవరిని ముందు పిలవాలో లాటరీ తీస్తే సాయమూ న్యాయంగా అందుతుంది, ఆ తరగతుల ప్రభావమూ తేలుతుంది. చోటు అందరికీ ఉన్నప్పుడు మాత్రం లాటరీ పేరుతో ఎవరినీ బయట ఉంచకూడదు.

ఒక పిల్ల విజయం ఆ పిల్లతో ఆగదు. ఫలానా జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి ఒకరికి సీటు వస్తే మరుసటి ఏడాది అదే బడి నుంచి దరఖాస్తులు పెరుగుతాయా? ఆడపిల్లల దరఖాస్తులు ఎంత పెరుగుతాయి? కటాఫ్‌కు రవ్వంతలో సీటు వచ్చిన బడుల్ని, రవ్వంతలో తప్పిన బడులతో పోలిస్తే ఇదీ తెలుస్తుంది. మరోవైపు, మంచి పిల్లలంతా వెళ్లిపోవడంతో ఆ మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ఏమైందన్నదీ చూడాలి. మేలు కొలిచేటప్పుడు ఆ నష్టాన్ని తీసివేయకపోతే లెక్క సగమే.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇంత శుభ్రమైన పోలిక దొరకదు, అర్హులందరికీ ఒకేసారి వచ్చిన పథకం కాబట్టి. అయినా పట్టు లేకపోలేదు. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఈఏపీసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే ఇంజినీరింగ్ ఫీజు మొత్తం, దాటితే 35 వేల రూపాయల వరకు అన్న నిబంధన ఏళ్లుగా ఉంది. 9,900 ర్యాంకు, 10,100 ర్యాంకు పిల్లలు ఏ కాలేజీ ఎంచుకున్నారు, ఎందరు పూర్తి చేశారు అన్నది ఒక మంచి మొదలు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు తల్లుల ఖాతాలోకి వెళ్లిన ఏళ్లకూ, నేరుగా కాలేజీకి వెళ్లిన ఏళ్లకూ మధ్య చదువు ఆపేసినవాళ్ల సంఖ్య మారిందా చూడటం ఇంకొకటి. విడుదల ఆలస్యమైన నెలల్ని పక్కన పెట్టి చూస్తే ఆలస్యం ఎంత ఖరీదైనదో కూడా బయటపడుతుంది.

ఇవన్నీ సాధ్యమా అని సందేహం అక్కర్లేదు. ప్రాథమిక బడుల్లో ఉపాధ్యాయుల ప్రోత్సాహకాల మీద, స్కూలు వోచర్ల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ పద్ధతిలో జరిగిన పరిశోధనల్ని ఈనాటికీ ప్రపంచమంతా ఉదాహరిస్తున్నారు. ఇంగ్లండ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ సంస్థ అయిన ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ ఆధారాలను మూడు రకాలుగా విడదీసింది: కార్యక్రమం ఎందుకు పనిచేస్తుందో చెప్పే వివరణ, పాల్గొన్నవాళ్లలో మార్పు కొలవడం, పాల్గొననివాళ్లతో పోల్చి కారణాన్ని నిర్ధారించడం. మూడో రకం ఆధారం తయారుచేయడానికి అక్కడి విశ్వవిద్యాలయాలు తంటాలు పడుతున్నాయి, స్పష్టమైన కటాఫ్‌లు లేని చిన్నచిన్న కార్యక్రమాలతో. మనకు కటాఫ్ ఉంది, వేల మంది ఉన్నారు, ఏళ్ల తరబడి రికార్డు ఉంది.

పిల్లల గోప్యత మీద రాజీ వద్దు. పరిశోధకుల చేతికి పేరు, ఫోన్, ఆధార్ వెళ్లకూడదు. హాల్‌టికెట్ నంబరును రహస్య కోడుగా మార్చే పని ప్రభుత్వ పరీక్షల విభాగంలోనే జరగాలి, తాళంచెవి అక్కడే ఉండాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న ఏ గడినీ ప్రచురించకూడదు. ఒక మండలంలో ఒక ఎస్టీ అమ్మాయి అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధన, గణాంకాల అవసరాలకు షరతులతో మినహాయింపు రాసింది. ఆ సమాచారంతో ఫలానా వ్యక్తి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్నది ఆ షరతుల్లో ఒకటి. కాబట్టి ఈ ఫైలు చూసి ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ ఆపడం, ఒక బడి మీద చర్య తీసుకోవడం లాంటివి ఉండవని ఉత్తర్వులోనే రాయండి.

అధ్యయనం చేసేది క్యాంపస్‌లు కాకూడదు. ఏ ఫలితాలు కొలుస్తాం, ఏ బ్యాచ్‌లు, కటాఫ్‌కు ఎంత దూరం వరకు అన్నది ఫైలు తెరవకముందే రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. లేకపోతే ఇరవై రకాలుగా లెక్కించి, నచ్చిన ఒక్కటి బయటపెట్టే అవకాశం ఉంటుంది. ఫలితం అనుకూలంగా లేకపోయినా ఆరు నెలల్లో ప్రచురించాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. తెలుగులో కూడా రావాలి, ఎందుకంటే వచ్చే ఏడు తమ బిడ్డను పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు చదవాల్సింది అదే.

మొదటి అడుగుగా ఒక్క బ్యాచ్ ఇవ్వండి. 2015లో దరఖాస్తు చేసిన ప్రతి విద్యార్థికీ ఒక వరస: కోడు చేసిన నంబరు, బడి రకం, మాధ్యమం, మండలం, కేటగిరీ, ఆడ లేదా మగ, ఆరు సబ్జెక్టుల రాతపరీక్ష మార్కులు, ఇంటర్నల్ మార్కులు, గ్రేడు పాయింట్లు, కలిపిన డిప్రివేషన్ స్కోరు, ఏ విడతలో సీటు వచ్చింది, చేరారా, చదువు ఆపితే ఏ సెమిస్టర్‌లో, ఏ ఏడాది పాసయ్యారు. సీటు రాని పిల్లలకు ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజినీరింగ్ రికార్డుల నుంచి అవే చివరి మూడు గళ్లు. ఆ బ్యాచ్ ఆరేళ్ల చదువు 2021లో ముగిసింది, కాబట్టి ఎదురుచూడాల్సిన పనిలేదు. ఈ ఫైలు సిద్ధం చేయడానికి రెండు మండళ్ల నుంచి చెరొక అధికారిని, ప్రభుత్వ పరీక్షల విభాగాల నుంచి చెరొకరిని నియమిస్తూ ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వమని కోరుతున్నాం. ఎంపిక జాబితాను మళ్లీ తయారుచేసే ప్రోగ్రాం రాసి, అందరూ పరిశీలించేలా ఉచితంగా ఇవ్వడానికి మేం సిద్ధం.

ఇట్లు,
ఉన్నత విద్యలో గణాంకాలు, మూల్యాంకనం మీద పనిచేసే అధ్యాపకులం, పరిశోధకులం